చక్రాలు అతికించిన సాయంత్రం

పంజాగుట్టలో ఊడిపోయిన చెప్పు అతికించుకుంటుంటే, గమ్ము వాసనకి నాన్న గుర్తొచ్చాడు.

అప్పుడు మేం అమీర్‌పేటలో అద్దెకుండేవాళ్ళం. నాన్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆయన్ని బెంచ్ మీద పెట్టారని అమ్మ ఫోన్లో పిన్నితో అంటుంటే విన్నాను. మా బళ్ళో హోంవర్క్ చెయ్యనివాళ్ళని బెంచీ ఎక్కించి నిలబెట్టేవారు. నాన్న ఏం చెయ్యలేదో పాపం, అనుకున్నాను.

సాయంత్రం ఇంటికి రాగానే, టై కూడా విప్పకుండా, పాత యుద్ధకాలపు బాంబర్ విమానం బొమ్మ ముందు కూర్చునేవాడు. అన్నీ ప్లాస్టిక్ ముక్కలే. అతికించిన రెక్కలు టీపాయ్ దాటి బయటికొచ్చేవి.

"ఎప్పుడు ఎగురుతది సార్ గిది?" అని నవ్వేవాడు ఇంటి ఓనరు.

"ముందు ఆరాలి కదండీ," అనేవాడు నాన్న.

ఒకరోజు అడిగేశాను. "ఇవాళ కూడా బెంచీ మీద నిలబెట్టారా నాన్నా?"

గమ్ము ట్యూబు పట్టుకున్న చెయ్యి ఆగింది. "అవునమ్మా. పొద్దుట్నుంచీ."

కింద కూర్చుని ఆయన కాళ్ళు నొక్కాను. వాచి, మడమలు ఒరుసుకుపోయి ఉన్నాయి. నాన్న విమానానికి చక్రాలు అతికించాడు.

బెంచ్ అంటే పనివ్వకుండా ఊరికే కూర్చోబెట్టడమని నేను ఉద్యోగంలో చేరాక తెలిసింది. కూర్చున్న మనిషికి మడమలు అంతలా ఒరుసుకుపోవు. ఆఫీసుకని బయల్దేరి, వేరే ఉద్యోగం కోసం రోజూ ఎన్ని ఆఫీసుల మెట్లు ఎక్కి దిగేవాడో.