తోడల్లుడి పళ్ళ దండ

యుద్ధానికి ముందు రాజులు కోట బురుజెక్కి శత్రుసేనను పరికించేవారని చరిత్రకారులు రాశారు. పెద్ద పట్టకారు అని వీధి పేరుపెట్టిన క్షురకుడు రోజూ పొద్దున్నే కొట్టు తలుపు తీసి, ఎదురు కొట్టు గుమ్మంకేసి మెడ సాచి చూసేవాడని మాత్రం ఎవరూ రాయలేదు. ఆ లోటు ఇప్పుడు తీరుతోంది.

అది పళ్ళ వైద్యానికి వేరే చదువంటూ పుట్టని కాలం. గడ్డం గీసే చేతులే పన్నూ పీకేవి. పీకిన పన్నుకు బెజ్జం వేసి, దారానికి గుచ్చి, గుమ్మానికి వేలాడదీయడం ఆ వృత్తివాళ్ళ ఆనవాయితీ. చదువు రానివాడు కూడా దండ పొడుగు చూసి పనితనం అంచనా కట్టుకునేవాడు. పెద్ద పట్టకారు దండ గుమ్మంలో సగం దాకా వచ్చింది. అందుకు అతని యౌవనమంతా పట్టింది.

ఎదురు కొట్టు అతని తోడల్లుడిది, అంటే భార్య చెల్లెలి మొగుడిది. వీధి అతన్ని చిన్న పట్టకారు అనేది. నిన్నగాక మొన్న వచ్చినవాడి దండ అప్పుడే గడప తాకుతోంది. పైగా గాలి వీస్తే గలగలమంటుంది. ఆ చప్పుడు వినపడినప్పుడల్లా పెద్ద పట్టకారు చెవుల్లో దూది కుక్కుకునేవాడు.

"అందులో సగం మేక పళ్ళు" అన్నాడు భార్యతో.

"మీ దండలో ముందరి రెండూ మా నాన్నవి. నేనెప్పుడైనా నోరెత్తానా?" అంది ఆవిడ.

ఇలా ఉండగా అతని దవడ పన్ను ఒకటి పుచ్చింది. లవంగం నొక్కిపెట్టాడు, ఉప్పునీళ్ళు పుక్కిలించాడు, చివరికి అద్దం ముందు నిలబడి తన పట్టకారు తనే నోట్లో పెట్టుకున్నాడు. 'చీమ కుట్టినట్టుంటుంది, అంతే' అని ఊరందరికీ ధైర్యం చెప్పినవాడు, పట్టకారు పన్నుకి తగిలీ తగలగానే బయటికి లాగేశాడు. ఆ చీమ సంగతి అతనికి అప్పుడు తెలిసొచ్చింది.

"మా మరిది దగ్గరికి వెళ్ళరాదూ?" అంది భార్య.

"నా పన్ను వాడి దండలో వేలాడాలా? చచ్చినా వెళ్ళను."

"అయితే ఆ మూలుగైనా ఆపండి. గడ్డానికొచ్చినవాళ్ళు గుమ్మంలోంచే వెనక్కి పోతున్నారు."

వాళ్ళు పోతున్నది ఎదురు కొట్టుకే. ఆ సంగతి పంటి నొప్పిని మించిపోయింది. మిట్టమధ్యాహ్నం వీధిలో పురుగు లేని వేళ చూసి, పెద్ద పట్టకారు వీధి దాటాడు.

"పీకిన పన్ను నాకిచ్చెయ్యాలి" అన్నాడు కూర్చోకుండానే.

"ఎంత మాట అన్నయ్యా, మీ పన్ను మీది కాక నాదవుతుందా? కూర్చోండి. ఏ పన్ను?"

"నీకంత విద్యే ఉంటే నువ్వే కనుక్కో."

చిన్న పట్టకారు నొచ్చుకోలేదు. సన్నటి ఇనపపుల్ల తీసి ఒక్కో పన్నూ తట్టడం మొదలుపెట్టాడు. ఏ పన్ను తడితే మనిషి ఎగిరిపడతాడో అదే పుచ్చు పన్ను. వృత్తిలో అందరూ చేసేది అదే. పెద్ద పట్టకారుకీ తెలుసు. వీడి ముందు ఎగిరిపడటమా? అతను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. పుల్ల పుచ్చు పన్ను మీద పడింది. నడినెత్తిన పిడుగు పడ్డట్టయింది. అయినా మొహం రాతిబొమ్మలా నిలిపాడు. బిగబట్టిన ఊపిరి, పుల్ల పక్క పన్ను మీదికి జరిగాక, 'హా' అంటూ బయటికొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"దొరికింది" అన్నాడు చిన్న పట్టకారు.

కాదని చెబుదామంటే నోటినిండా పట్టకారే. ఆపైన ఒక్క మెలిక, ఒక్క గుంజు. పన్ను బయటికొచ్చేసింది. పెద్ద పట్టకారు తన జీవితంలో అంత సులువుగా ఒక్క పన్నూ పీకలేదు. అసూయతో కాసేపు నొప్పి కూడా మరిచాడు.

"ఎలా ఉందన్నయ్యా?"

"ఫరవాలేదు. చెయ్యి ఇంకా తిరగాలి."

పన్ను గుప్పిట్లో పెట్టుకుని ఇంటికొచ్చాడు. భార్య దాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూసింది.

"దీనికి మచ్చయినా లేదేమండీ?"

అతను చెంప పట్టుకుని గోడకేసి తిరిగి కూర్చున్నాడు. పుచ్చు పన్ను ఇంకా నోట్లోనే ఉంది.