హనోయ్‌లో రైలు వెళ్ళిపోయాక

వియత్నాం ఎలా ఉందని కాలనీలో ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. బాగుంది, సముద్రం పచ్చగా ఉంది, కాఫీ చిక్కగా ఉంది అని చెప్పి తలుపేసుకుంటాను. ఇరవై ఏళ్ళ స్నేహాన్ని అక్కడ నా నోటితో నేనే తగలబెట్టుకు వచ్చానని ఎవరితో చెప్పను?

వెళ్ళింది ముగ్గురు ఆడవాళ్ళం. నేను, రైల్వే ఆఫీసులో నా పక్క టేబుల్ ఆవిడ, మా పక్క క్వార్టర్‌లో ఉండే కోటావాలీ. టేబుల్ ఆవిడది కూడా నాలాగే తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి బిలాస్‌పూర్ వచ్చిన కుటుంబం. చుట్టరికం లేకపోయినా వదినా అని పిలుస్తాను. కోటావాలీ ఇక్కడి ఛత్తీస్‌గఢీ మనిషి. పుట్టిల్లు దగ్గర్లోని కోటా అనే ఊరు కాబట్టి ఇక్కడి పద్ధతిలో అదే పేరై కూర్చుంది. గార్డుగా చేసిన భర్త మూడేళ్ళ కిందట పోయాడు. కొడుక్కి రైల్వేలోనే ఉద్యోగం రావడంతో అదే క్వార్టర్‌లో ఉంటోంది.

మా బిలాస్‌పూర్ తెలుగువాళ్ళకి ఒక పాడు అలవాటుంది. ఎదుట హిందీ మనిషి ఉంటే చాలు, ఆ మనిషి గురించే తెలుగులో మాట్లాడేస్తాం. బుధవారీ బజారులో కొట్టువాడి మొహం మీదే వాడి తూకం గురించి, ఆఫీసులో సాహెబు ఎదుటే ఆయన పొట్ట గురించి నవ్వుతూ చెప్పుకుంటాం. పైగా అదో తెలివి అనుకుంటాం. వదినా నేనూ ఈ విద్యలో ఆరితేరినవాళ్ళం. కోటావాలీ పక్కన ఉన్నప్పుడు కూడా అంతే. ఆమెతో హిందీ, ఆమె మీద తెలుగు.

హావ్‌డా దాకా రైలు, కలకత్తా నుంచి విమానం. హనోయ్‌లో మొదటి రెండు రోజులు నిజంగా ఆనందంగానే గడిచాయి. పొద్దున్నే పేవ్‌మెంటు మీద పిల్లల బల్లల్లాంటి ప్లాస్టిక్ స్టూళ్ళ మీద కూర్చుని, పొగలు కక్కే ఫో అనే మాంసం సూపు గిన్నెలోకి నిమ్మకాయ పిండుకుని, వదినా నేనూ జుర్రుకుంటూ తాగేవాళ్ళం. నీచు ముట్టని కోటావాలీకి టోఫూ, అన్నం, గంప నిండా ఆకులు. పుదీనా, తులసిలాంటిది, ఇంకేవేవో. ఒక్కొక్కటీ వాసన చూసి, “అచ్ఛా!” అంటూ నమిలేది.

బజారులో మాత్రం నా ఓపిక చచ్చేది. ఒక పట్టు స్కార్ఫు కోసం ఆమె గంటసేపు బేరమాడింది. కొట్టు ఆవిడ కాలిక్యులేటర్ మీద ఒక అంకె నొక్కుతుంది, ఈవిడ తుడిచేసి ఇంకోటి నొక్కుతుంది, ఇద్దరూ నవ్వుకుంటారు. ఒకరి మాట ఒకరికి రాదు, అయినా కొట్టు ఆవిడ చివరికి ఈవిడ చేతికి టీ ఇచ్చింది. నేను ఎండలో నిలబడి పళ్ళు కొరుక్కున్నాను. నాకు ఇరవై చోట్లు చూడాలని ఉంది, ఆమెకి రెండు బాగా చూడాలని ఉంది. గొడవంతా అదే.

మూడో రోజు హాలాంగ్ సముద్రం మీద పడవ ప్రయాణం. పచ్చటి నీళ్ళలోంచి నిలువుగా లేచిన కొండలు. ఒక కొండ మీదికి మెట్లున్నాయి, పైనుంచి సముద్రమంతా కనిపిస్తుందట. కోటావాలీ మోకాళ్ళ నొప్పుల వల్ల సగంలోనే ఆగిపోయాం. మీరు వెళ్ళండి, నేను ఇక్కడే కూర్చుంటానని ఆమె పదిసార్లు చెప్పింది. మేమే వెళ్ళలేదు. వెళ్ళకుండా, ఆ కోపం మాత్రం పడవలోకి మోసుకొచ్చాను.

పడవలో భోజనానికి బియ్యపు పిండితో చేసిన పల్చటి అట్టలు పెట్టారు. తడిపి, కూరలు పెట్టి చుట్టుకోవాలి. నాకు చుట్టడం రాక చిరిగిపోతుంటే కోటావాలీ తన పళ్ళెం వదిలేసి నాకు చుట్టి పెడుతోంది. అప్పుడు నేను అన్న మాట ఇది:

“మొగుడు పోయినకాడి నుంచి మనల్నే పట్టుకుని ఏలాడతంది వదినా. ఈ మూట మొయ్యలేక సస్తన్నాను.”

“ఓలమ్మో, నవ్వించకే!” అంటుండగానే వదినకి పొలమారింది. కోటావాలీ ఆమె వీపు నిమిరి, నీళ్ళిచ్చి, నా పళ్ళెంలో ఇంకొకటి చుట్టి పెట్టింది. నేను తిన్నాను. సిగ్గులేకుండా తిన్నాను.

మర్నాడు పొద్దున రైలు వీధికి వెళ్ళాం. ఇళ్ళ మధ్యలోంచి, గుమ్మాలకి జానెడు దూరంలో పట్టాలు. రైల్వేవాళ్ళం కదా, మన దగ్గర కనుమరుగైన మీటర్ గేజ్ పట్టాలు చూసి ముగ్గురం చిన్నపిల్లలమైపోయాం. పట్టాల పక్కన కాఫీ తాగుతుంటే బండి వచ్చింది. గోడకి అతుక్కుని నిలబడ్డాం. బండి వెళ్ళాక కోటావాలీ మళ్ళీ స్టూలు మీద కూలబడి మోకాలు నొక్కుకుంది.

“ఈవిడ లెగాలంటే ఇంకో బండి రావాల” అన్నాను వదినతో.

“లెగుస్తాన్లే. మీరు ముందు నడండి” అంది కోటావాలీ. తెలుగులో.

ఆ మాట తీరు అచ్చం మా అమ్మది.

“నీకు... తెలుగు...”

“మీ అమ్మకి హిందీ రాదు గదా. రెండేళ్ళు మద్దేన్నాలన్నీ మేమిద్దరం ఏ బాసలో మాటాడుకున్నాం అనుకున్నావు?”

శ్రీకాకుళం పల్లె నుంచి కోడలిగా వచ్చిన మా అమ్మ, పోయేముందు మంచాన పడిన రెండేళ్ళూ నేను డ్యూటీకి పోతే మధ్యాహ్నాలు ఆమె దగ్గర కూర్చున్నది కోటావాలీయే. తల దువ్వింది, గంజి పట్టింది, పక్క మార్చింది. సాయంత్రం నేను వచ్చి థ్యాంక్స్ చెప్పి తలుపు దాకా సాగనంపేదాన్ని. ఆ ఇద్దరూ ఏ భాషలో మాట్లాడుకుంటారో ఒక్కసారి కూడా నాకు అనుమానం రాలేదు. అడిగే తీరికా లేదు, అడగాలనీ తోచలేదు.

“మీ అమ్మ నీ గురించి శానా చెప్పీది” అంది, నా మొహంలోకి చూడకుండా. “ఏడ్సీది కూడా. ఒక్క మాటైనా నీ సెవిన ఏసినానా?”

నేను క్షమించమన్నాను, చెయ్యి పట్టుకున్నాను. ఆమె మెల్లగా విడిపించుకుని లేచింది. మిగతా రెండు రోజులూ మాతోనే తిరిగింది, ఫోటోల్లో నవ్వింది. నా బ్యాగు జిప్పు ఊడిపోతే తన చున్నీతో కట్టింది కూడా.

ఇంటికొచ్చాక వదిన, “పోనీలే, అదే మర్చిపోద్ది” అంది. వదినకేం, ఆమె తల్లి ఆమెకి చెప్పాల్సినవన్నీ చెప్పే పోయింది. మా అమ్మ నాతో ఏమీ చెప్పలేదు. నేనెప్పుడూ ఆమె దగ్గర కూర్చోలేదు. ఎందుకు ఏడ్చిందో తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది.

పోయిన ఆదివారం ఉండబట్టలేక వెళ్ళాను. తలుపు తీసింది, కూర్చోమంది, టీ పెట్టింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి నేనే ఆమెతో తెలుగులో మాట్లాడాను.

“మా అమ్మ నా గురించి ఏటి చెప్పీదో చెప్పు. తిట్టినా పర్లేదు, చెప్పు.”

ఆమె టీ గ్లాసు నా ముందు పెట్టింది. మర్యాదగా నవ్వింది.

“నాకు తెలుగు రాదు దీదీ” అంది, హిందీలో.