కొబ్బరి మట్టల నడుమ ఆకాశం

పలాస నుండి మందసకు పోయే దారిలో జీడిపప్పు కర్మాగారాల పొగ వెనుకబడి, పెరళ్ళలో కొబ్బరి చెట్లు దట్టమయ్యే చోటికి చేరినవారు ఇంటి కప్పులను పరికించి చూస్తే, టీవీ డిష్‌లన్నీ ఒకే దిక్కుకు మొగము పెట్టి ఉండడం కనిపిస్తుంది. ఆ దిక్కు దక్షిణం. అయితే అవి పొలాల అంచును చూడవు. మెడ బాగా వెనుకకు వాల్చి, నడినెత్తికి కొంచెమే దిగువనున్న ఏదో ఒక చోటిని చూస్తూ ఉంటాయి. వాటిలో అధిక భాగాన్ని అలా నిలిపినవాడు ఒక్కడే. అతని పేరు వరహాలు. ఉద్దానమని పిలిచే ఆ తోటల సీమ పల్లెలలో ఆ పేరు గలవారు పెక్కుమంది ఉన్నందువలన, ఇతనిని గుర్తుపట్టడానికి జనం "డిష్ వరహాలు" అన్నారు.

వరహాలు రైతు ఇంట పుట్టినవాడు. తండ్రి జీడితోటను అన్నదమ్ములు పంచుకోగా, అతని వంతుకు వచ్చిన భాగం ఒక సంసారానికి చాలేది కాదు. అందుచేత చదువు పదవ తరగతితో ముగించి, కాశీబుగ్గలో ఒక టీవీ మరమ్మతు దుకాణంలో పనికి కుదిరాడు. ఇంటింటికీ చిన్న డిష్‌లు వచ్చిన కాలంలో ధైర్యం చేసి అక్కడే సొంత దుకాణం తెరిచాడు.

టీవీ ప్రసారాలను మోసే ఉపగ్రహం భూమితో సమంగా తిరుగుతుంది కనుక, అది కంటికి కానవచ్చేదే అయితే, ఎల్లప్పుడూ ఒకే చోట నిలిచినట్లు ఉండేది. దానిని అందుకోవడానికి ఆకాశమంతా అక్కరలేదు. రెండు కొబ్బరి మట్టల నడుమ చేట వెడల్పు సందు చాలు. ఆ సందును వెదకడమే వరహాలు విద్య. గాలి లేని పూట దొరికిన సందును అతడు నమ్మేవాడు కాడు. సముద్రపు గాలి లేచేదాకా కప్పు మీదనే కూర్చుండి, మట్టలు ఊగినప్పుడు కూడా ఆ సందు తెరిచే ఉంటుందని నిశ్చయించుకున్న తరువాతనే బోల్టు బిగించేవాడు. క్రింద ఇంటివారు విసుగుకొన్నా చలించేవాడు కాడు.

రెండువేల పద్దెనిమిది అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానపు కొబ్బరిని నేలకూల్చింది. కప్పుల మీది డిష్‌లు ఎటు ఎగిరిపోయాయో ఎవరికీ తెలియదు. కరెంటు తిరిగి వచ్చిన నాటి నుండి ప్రతి ఊరివారూ వరహాలును పిలిచారు. అంత పని అతనికి మునుపు లేదు, తరువాతనూ లేదు. ఎటు చూసినా ఆకాశమే. సందు వెదకవలసిన అగత్యం లేదు. గోడ మీదనో, నూతి ప్రక్కనో, చేతికందిన ఎత్తున బిగించుకుంటూ పోయాడు. ఆ గోడల ప్రక్కనే, ఆ నెలలలోనే, జనం కొబ్బరి మొక్కలు నాటుతున్నారు. మొక్క చెట్టవుతుందని, చెట్టయితే మట్టలు వేస్తుందని కొబ్బరి సీమలో పుట్టినవానికి ఒకరు చెప్పనక్కరలేదు. అయినా అతనికి తోచలేదు. చెట్టు లేని ఆకాశమే ఇక శాశ్వతమని, ఆ దుఃఖంలో ఊరంతటికీ తోచినట్లే అతనికీ తోచింది.

కొన్ని ఏళ్ళకు ఆ మొక్కలు లేచి, అతడు క్రిందుగా బిగించిన డిష్‌లను ఒక్కొక్కటిగా కప్పివేశాయి. బొమ్మ ఆగిపోయినవారు వరహాలును పిలిచి, డిష్‌ను పైకి మార్పించుకోవచ్చును. కాని అప్పటికే అందరి చేతులలోకి ఫోనులు వచ్చాయి. సినిమా, వార్తలు, క్రికెట్టు అన్నీ అందులోనే. దేశంలో ఏడు కోట్లకు చేరువైన డిష్ చందాదారుల సంఖ్య ఏటేటా జారి ఆరు కోట్లకు దిగువకు వచ్చింది. ఆ లెక్క వరహాలు ఎరుగడు. విప్పించుకున్నవారి ఇండ్ల నుండి డిష్‌లను మోటారు సైకిలుకు కట్టి తెచ్చేవాడు. వాటిలో కొన్ని అతని పెరటిలో కోళ్ళగూళ్ళకు కప్పులైనాయి.

"ఏటీ, ఇంకో కప్పు తెచ్చినావా? మన కోళ్ళకి మేడ మీద మేడ కడతన్నావు!" అనేది భార్య కుమారి.

"కట్టనీవే. ఈ పాలి ఆటికి టీవీ సేనల్సు కూడా ఒత్తాయి," అనేవాడు వరహాలు.

నవ్వుతూనే ఇద్దరూ ఆ డిష్‌ను గూటి మీదికి ఎత్తేవారు. దుకాణం ఈ ఏడు దాటుతుందో లేదో ఇద్దరికీ తెలియదు.

ఇట్టి స్థితిలో గత చలికాలంలో టెక్కలిలో ఒక సమావేశం జరిగింది. ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్టు అందించబూనిన ఒక కంపెనీ, ప్రయోగాత్మకంగా కొన్ని చోట్ల తన పరికరాలను నిలపడానికి స్థానికులైన పనివారిని పిలిచింది. విశాఖపట్నం నుండి వచ్చిన తనూజ అనే ఇంజనీరు విషయం వివరించింది. వయసుకు చిన్నదైనా మాటలో తొందర లేని పిల్ల. వరహాలు ప్రక్కన టెక్కలిలో కెమెరాల దుకాణం నడిపే రాజేష్ కూర్చున్నాడు. చుట్టరికం లేకున్నా వరహాలును "మావా" అని పిలిచే చనువు అతనిది.

"శాటిలైట్ల వ్యాపారం పడిపోయిందని చాలామంది అనుకుంటున్నారండీ. పడిపోలేదు, మారింది. టీవీ రాబడి తగ్గుతోంది, ఇంటర్నెట్ రాబడి పెరుగుతోంది. పదేళ్ళ కిందట పైన పనిచేసేవి పదిహేను వందలు కూడా లేవు. ఇప్పుడు పదివేలు దాటాయి," అన్నది తనూజ.

"అయితే డబ్బంతా రాకెట్లు ఎగరేసినోళ్ళదేనేటండీ?" అని రాజేష్ అడిగాడు.

"కాదండీ. ఈ వ్యాపారం మొత్తం రూపాయి అనుకోండి, రాకెట్లది నాలుగు పైసలు కూడా ఉండదు. మిగతాదాంట్లో చాలా భాగం నేల మీదే. ఫోన్లలో దారి చూపించే చిప్పులు, ఇళ్ళ మీద డబ్బాలు, నెలనెలా కట్టే చందాలు."

"ఇన్నావా మావా? రాకెట్టు కంటే నీ నిచ్చెనే గొప్పది!" అని రాజేష్ మోచేతితో పొడిచాడు.

అందరూ నవ్వారు, వరహాలు మాత్రం నవ్వలేదు. ఇంతకాలం తన పనిని పెద్ద వ్యాపారం చివర రాలిన గింజ ఏరుకోవడంగానే అతడు తలచుకున్నాడు. ఆ పంటలో అధిక భాగం నేల మీదనే పండుతుందనడం అతనికి కొత్త. చేజారుతున్న జీవనం మరొక రూపంలో తిరిగి వస్తున్నదని అతనికి ఆశ కలిగింది. తనూజ చెప్పిన షరతు కూడా సులభంగానే తోచింది. మందస వైపు ఒక్క చోట పరికరం నిలిపి, అంతరాయం లేకుండా పనిచేయించగలిగితే, ఆ వైపు కంపెనీ ఏజెన్సీ వరహాలుది. సంతబొమ్మాళి వైపు రాజేష్‌ది.

మందసకు తూర్పున, సముద్రానికి సమీపంలోని ఒక ఊరిలో తారకేశ్వరరావు అనే భూస్వామికి జీడిపప్పు కర్మాగారం ఉన్నది. గాలివాన వచ్చినప్పుడెల్లా స్తంభాల మీది ఇంటర్నెట్టు తీగ తెగి, దూరపు వర్తకులతో బేరాలు నిలిచిపోతున్నందున, ఆయనే ముందుకు వచ్చి స్థలం ఇచ్చాడు. వరహాలు, తనూజ పరికరాన్ని కర్మాగారపు మేడ మీదికి చేర్చారు. అది డిష్ వలె గుండ్రనిది కాదు, చదునైన పలక. తనూజ ఫోనును ఆకాశానికి ఎత్తి నలువైపులా త్రిప్పింది. తెరపై ఆకాశం గిన్నె బోర్లించినట్లు కనిపించి, ఉత్తరపు సగమంతా ఎర్రబారింది.

"ఎరుపంటే అడ్డం," అన్నది. "ఆ కొబ్బరి చెట్లే."

"మద్దిలో సందులున్నాయి గదమ్మా," అన్నాడు వరహాలు.

"సందులు చాలవు అంకుల్. ఈ శాటిలైట్లు ఒకచోట ఉండేవి కావు, తక్కువ ఎత్తులో పరిగెడతాయి. ఒకటి దాటిపోయేలోపల ఇంకోదాన్ని అందుకోవాలి. ఈ వైపు ఆకాశమంతా తెరిచి ఉండాలి."

"పొడుగు గొట్టం ఏసి పైకెత్తీత్తే?"

"తుఫాను గాలికి ఆగదు. ఆగినా ఊగుతుంది. కంపెనీ ఒప్పుకోదు."

కంచెకు ఆవల నున్న ఆ చెట్ల వరుస తారకేశ్వరరావుది కాదు. ఆయన వదిన, కాలం చేసిన అన్న భార్య కృష్ణవేణిది. తుఫాను తరువాత నాటినవి, ఈ ఏడే మొదటిసారి గెలలు వేశాయి.

తారకేశ్వరరావు వరహాలును ప్రక్కకు పిలిచి, "వదినకి నా మాటంటే గిట్టదురా. నీ మాట వింటుంది. ఎంత ఖరీదంటే అంత ఇచ్చేస్తానని చెప్పు. ఆ వరస పోతే నీ ఏజెన్సీ నీ చేతిలో పడ్డట్టే కదా," అన్నాడు. ఆయన మాటలో మోసం లేదు. ఇద్దరి మేలూ కోరియే అన్నాడు.

వరహాలు కంచె దాటి వెళ్ళాడు. కృష్ణవేణి అరుగు మీద కూర్చుండి కొబ్బరి ఈనెలు చీలుస్తున్నది. ఒకనాడు ఆమె ఇంటికి డిష్ బిగించినది అతడే. నాటి నుండి ఆమె తమ్ముడని, అతడు అక్క వరుసన అప్పా అని పిలుచుకుంటారు.

"రా తమ్ముడా, కూకో. మా మరిది పంపినాడా, సెట్లు కొట్టీమని?"

"అవునప్పా."

"పొద్దుట్నుంచీ మేడెక్కి మీరు ఆ పోను అటూ ఇటూ తిప్పుతుంటేనే అనుకున్నాను. మా మరిది మాటకి నాను కొట్టించను. నువ్వు సెప్పు. నాకా డబ్బాల సంగతి తెల్దు, నీకు తెలుసు. కొట్టక తప్పదంటే కొట్టించెత్తాను."

ఆమె వాదించి ఉంటే అతని పని తేలికయ్యేది. బతిమాలి, నచ్చజెప్పి, కాదంటే తిరిగి వచ్చేవాడు. ఇప్పుడు గొడ్డలి అతని నోటిలోనే ఉన్నది.

"ఏ రకం మొక్కలప్పా ఇవి?" అని, ఏదో ఒకటి అడగాలి గనుక అడిగాడు.

"నాటువే. తుపానుకి మా తోటంతా పడిపోనాది గానీ, ఒక్క ముసలి సెట్టు నిలబడిపోనాది. దాని కాయలేరి నారు పోసినాను. గాలికి ఓర్సుకున్న జాతి గదా అని."

వరహాలు చెట్ల వంక చూశాడు. వాటి వెనుక మరొక వరుస, దాని వెనుక ఇంకొకటి, మోకాలెత్తున ఉన్నవి, మనిషెత్తున ఉన్నవి. ఈ వరుసను కొడితే నేటికి ఆకాశం తెరుచుకుంటుంది. కాని వెనుక వరుస ఆగదు. మరి రెండేళ్ళకు ఇదే అరుగు మీద కూర్చుండి మరల ఇదే మాట అడగవలసి వస్తుంది. ఈ ఊరిలోనే కాదు. ఏజెన్సీ వచ్చినదంటే ఉద్దానంలో తాను పరికరం నిలిపే ప్రతి పెరటిలోనూ ముందు అడగవలసినది ఈ మాటే. తన జీవనం నిలిచేది ఆ మాట మీదనే.

"కొట్టకప్పా," అన్నాడు. "ఇయ్యి కొడితే ఎనకవి లెగుత్తాయి. అయ్యీ కొట్టీమంటాను. ఒకపాలి ఆకాశం కాళీగా ఉన్నాదనీసి, మొక్కలు పక్కనే ఉన్నా సూడకుండా డిష్‌లు కిందకి బిగించీసినాను. మళ్ళీ అదే పని సెయ్యనేను."

"మరి నీ పనో?"

"సూద్దాం."

"సూద్దామంటే కూడొత్తాదేటి తమ్ముడా?"

అతడు చీలిన ఈనెను ఒకదానిని ఆమె కట్టలో చేర్చి లేచాడు.

సంగతి విని తారకేశ్వరరావు కోపంతో, "చెట్లు కొట్టించమని పంపితే కాపలా కాసి వచ్చావా నువ్వు!" అని మేడ దిగిపోయాడు. తనూజ ఫోనులోని ఎర్రని సగాన్ని మరొకసారి చూసింది. పిమ్మట, "మీరన్నది నిజమే అంకుల్. రెండేళ్ళకి మళ్ళీ ఎర్రబడుతుంది. ఇది నేనే ముందు ఆలోచించాల్సింది. కానీ ఈ వైపు ఇక మా కంపెనీకి పనిలేదని రాయాలి. ఏజెన్సీ కూడా ఉండదు. ఉప్పుమళ్ళు, రొయ్యల చెరువులు, అలాంటి ఖాళీ చోట్లకే వెళ్తాం," అన్నది.

"రాసీయమ్మా," అన్నాడు వరహాలు. పలకను తిరిగి పెట్టెలో పెట్టి, మెట్ల మీదుగా తానే మోసుకొని దిగాడు.

వేసవి చివరకు కాశీబుగ్గ దుకాణం మూతపడింది. తారకేశ్వరరావు ఇంటర్నెట్టు తీగను నేలలో పాతించుకున్నాడు. కోపం కూడా కొన్నాళ్ళకు చల్లారి, దారిలో కనబడితే పలకరిస్తున్నాడు. సంతబొమ్మాళి వైపు రాజేష్‌కు మాత్రం పని వెల్లువలా వచ్చింది. అతడే ఒకనాడు ఇంటికి వచ్చి, "మావా, నువ్వు ఒచ్చీ. నాను కుర్సీలో కూకుని బిల్లులేత్తాను, నువ్వు పైకెక్కు. నీకు యజమానినని నాననుకోను, నువ్వూ అనుకోకు," అన్నాడు. ఎదుటి మాట ఎంత మెత్తనిదైనా, ఇన్నేళ్ళు సొంతంగా బ్రతికినవాడు యాభై దాటిన తరువాత కూలికి పోవడమే అది. వరహాలు ఒప్పుకున్నాడు.

నౌపడ ఉప్పుమళ్ళ అంచున ఒక రొయ్యల చెరువు కాపలా పాక మీద అతడు మొదటి పలకను నిలిపాడు. అక్కడ కనుచూపు మేరలో చెట్టు లేదు. తీగ కలిపిన వెంటనే ఆ పలక తనంతట తాను కొంచెం కదిలి, ఒక వైపుకు వాలి నిలిచింది. రాజేష్ ఫోను చూసి, "అయిపోనాది మావా, దొరికీసింది! ఇంకా టీ సల్లారనేదు," అన్నాడు. వరహాలు దాని అంచును పట్టుకొన్న చేతిని కొంతసేపటి వరకు తీయలేదు. త్రిప్పవలసినది, ఆగి చూడవలసినది ఏమీ లేదని తెలిసిన తరువాత బోల్టులు బిగించి దిగాడు. ఆ పూట అలాంటివి మరికొన్ని నిలిపారు. ఈ వ్యాపారంలో చాలా భాగం నేల మీదేనన్న తనూజ మాట అక్షరాలా నిజమే. పనికి లోటు లేదు. వెదకడానికే ఏమీ లేదు.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. కుమారి కాళ్ళకు నీళ్ళిచ్చింది.

"ఎలాగున్నాది కొత్త పని?"

"తేలిక."

"మరి మొకం అలాగెట్టినావేటి?"

"తేలికయిపోనాది. అదే."

కుమారి అతని వంక ఒకసారి చూసి, కంచంలో అన్నం వడ్డించింది. మరునాడు ఉదయం టెక్కలి పోయే మొదటి బస్సు వేళకు అతనికి క్యారేజీ కట్టి ఇచ్చింది.