మొదటి మూత

విజయవాడ నుంచి ఏలూరు వెళ్ళే బస్సులో పక్క సీటావిడ చాలాసేపు నా లాప్‌టాప్ వైపే చూసింది. నేనేమో ఎర్రర్ ఎందుకొస్తోందో తెలియక తల పట్టుకుని ఉన్నాను. ప్రోగ్రాములో ప్రస్తుతానికి అక్కర్లేని ముక్కని మేం చెరిపెయ్యం. మళ్ళీ కావాలేమోనని కామెంట్ గుర్తుల మధ్య పెట్టేస్తాం, కంప్యూటర్ దాన్ని చదవదు. నేను అలా మూసిన ముక్కలో అంతకుముందే ఎవరో పెట్టిన కామెంట్ ఒకటుంది.

"లోపలిది మూసిన చోటే బయటిదీ మూసుకుపోయిందండీ," అందావిడ. "ఈ లాంగ్వేజ్‌కి మొదటి మూత కనబడితే చాలు, కామెంట్ అయిపోయిందనుకుని మిగతాది చదివేస్తుంది. కొన్ని లాంగ్వేజ్‌లు నయం, తెరిచినవన్నీ మూసేదాకా ఆగుతాయి."

సరిచేస్తే ప్రోగ్రాం నడిచింది. మీరూ ఈ పనేనా అని అడిగాను.

"మా తమ్ముడూ నేనూ ఒకే ఆఫీసండీ. ఇప్పుడు మాటల్లేవు. ఎందుకో చెప్పాలంటే ముందు వన్ టౌన్‌లో మా నాన్నగారి గాజుల కొట్టు సంగతి చెప్పాలి."

చెప్పింది. చెయ్యి చూడగానే ఏ సైజు గాజులు పడతాయో నాన్నగారు చెప్పేసేవారట. పెళ్ళిళ్ళ రోజుల్లో అక్కాతమ్ముళ్ళిద్దరూ నేలమీద కూర్చుని గాజుల్ని దారంతో కట్టేవారట. ఆయన పోయాక కొట్టు మూసేశారట. అంతలో హనుమాన్ జంక్షన్ వచ్చింది, సంచి తీసుకుని లేచింది.

ఫుట్‌బోర్డు మీద నిలబడి ఒకసారి వెనక్కి తిరిగి నావైపు చూసింది. కథ అయిపోయిందనుకుని "థాంక్సండీ" అన్నాను.

బస్సు కదిలింది. తమ్ముడి సంగతి ఇంకా తెరిచే ఉందని నాకు అప్పుడు గుర్తొచ్చింది.