భుజం మీద రెండు వేళ్ళు

మొన్న మిస్సిసాగాలో బస్సులో వెళ్తూంటే వెనక సీట్లో ఉన్నావిడ నా భుజం మీద రెండు వేళ్ళతో మెల్లగా తట్టింది. కింద పడిన నా గ్లవ్ అందించడానికి. నేను వెంటనే వెనక్కి తిరగలేదు. ఊపిరి బిగబట్టి కిటికీలోంచి బయటికి చూశాను. గోదాములూ లారీలూ తప్ప ఏమీ లేవు. అయినా ఒక్క క్షణం డీజిల్ వాసన, తడి నాచు వాసన ముక్కుకి తగిలాయి. ఎవరైనా అలా తడితే బయటికి చూడడం నాకు నేర్పింది సూరమ్మ ఆంటీ.

సూరమ్మ గారు ఫిజీలో పుట్టిన తెలుగావిడ. వాంకూవర్‌లో బస్సు నడిపి రిటైరై, కూతురికి దగ్గరగా ఉందామని పీటర్‌బరో వచ్చి ఒక సన్నటి పడవ కొనుక్కున్నారు. ఇంగ్లండు కాలువల్లో తిరిగే రకం అది. రైలు పెట్టెను నిలువునా సగానికి కోసినట్టుంటుంది. పదిమంది ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి. అందరికన్నా వెనక, ఇంజన్ పక్కన నిలబడి ఆవిడ చుక్కాని పట్టుకుంటారు. ట్రెంట్ నది మీద జనాన్ని తిప్పి పక్షుల్నీ జంతువుల్నీ చూపించడం ఆవిడ పని.

అప్పుడు నేను ఒషావాలో చదువుతున్నాను. మా కాలేజీ నిండా మనవాళ్ళే. ఒక్క కాఫీ షాపు ఉద్యోగానికి రెజ్యూమేలు పట్టుకుని వీధి మలుపు దాకా నిలబడేవాళ్ళం. విసుగొస్తే లైబ్రరీకి పోయేదాన్ని. అక్కడ చలి ఉండదు, లేచి వెళ్ళమనేవాళ్ళూ ఉండరు. నంద్యాలలో కాకినీ పిచ్చుకనీ తప్ప పక్షిని ఎరగని నేను, అక్కడ కూర్చుని ఒంటారియో పక్షుల పుస్తకాలు అర మొత్తం చదివేశాను. ఎవరూ చెప్పకుండా నేర్చుకున్న చదువు కదా, గర్వం బాగానే ఉండేది. ఆ గర్వంతోనే, లైబ్రరీ బోర్డు మీద ఆవిడ ప్రకటన చూసి ఫోన్ చేసి, నా చదువు సంగతి చెప్పి పని అడిగాను.

"మూడు శనివారాలు చూస్తాను. నచ్చినావా, వేసవంతా ఉండు. నచ్చలేదా, మళ్ళీ పోయి నీ క్యూలో నిలబడు" అన్నారు. అమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు ఆవిడది. కొంచెం పాతది, చాలా సూటిది.

మొదటి శనివారం పడవ ముందుభాగంలో కూర్చున్నాను. తుంగ మధ్య బూడిదరంగు కొంగ కనిపించింది. "అదిగో! గ్రేట్ బ్లూ హెరాన్! రెక్కలు చాస్తే ఆరడుగులు!" అని లేచి అరిచాను. ఇంజన్ మోతలో నా అరుపు ఆంటీకి వినపడలేదు. కొంగకి వినపడింది. అందరూ తలలు తిప్పేసరికి చెట్ల మీదుగా రెండు కాళ్ళు వేలాడుతూ వెళ్ళిపోయాయి.

ఒడ్డు చేరాక ఫ్లాస్కులోంచి టీ పోస్తూ, "ఏం లైబ్రరీ, కొంగని చదివి వినిపించినావు. ఎవరికైనా చూపించినావా?" అన్నారు.

"పేరు చెప్తే తెలుస్తుందని, ఆంటీ..."

"పేరు ఎక్కడికీ ఎగిరిపోదు. పక్షి పోతుంది."

అప్పుడు పడవ పద్ధతి చెప్పారు. ముందు చూసినవాళ్ళు నోరెత్తకూడదు. వెనకవాళ్ళ భుజం రెండు వేళ్ళతో తట్టి చూపించాలి. వాళ్ళు తమ వెనకవాళ్ళని తట్టాలి. ఆ తట్టు చివర ఆవిడ దాకా చేరితే ఇంజన్ ఆపుతారు.

రెండో శనివారం నీళ్ళలో ఈదే జంతువు, బీవర్, కనిపించిందని తట్టాను. ఇంజన్ ఆగింది. పదిమందిమీ అయిదు నిమిషాలు భక్తిగా ఒక దుంగని చూశాం. "దుంగ బాగుంది, లైబ్రరీ. ఏ జాతి?" అని వెనకనుంచి గొంతు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఇక మిగిలింది ఒక్క శనివారమే.

ఆ మూడో శనివారం నా వెనక హైదరాబాద్ నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒక పెద్దమ్మ కూర్చున్నారు. "గంట సంది నీళ్ళే చూస్తున్నం బిడ్డా. మొసళ్ళన్న లేవా?"

"ఇక్కడి చలికి ఉండవండీ."

"వాటికి గూడ వీసా రాలేదా ఏంది?"

నవ్వుతూ ముందుకి తిరిగానో లేదో, నది మలుపులో సరిగ్గా మా దారికి అడ్డంగా ఒక లూన్, బాతులాంటి నీటిపక్షి. నల్లటి వీపు మీద తెల్లటి గళ్ళు, ఎర్రటి కన్ను. వీపు మీద రెండు పిల్లలు. చదివిన పేజీలన్నీ నోటి దాకా వచ్చాయి. మింగేశాను. చెయ్యి వెనక్కి చాపి పెద్దమ్మ భుజం తట్టాను. ఆవిడ నోరు తెరిచారు. నా మొహం చూసి మూసేసి, వెనకాయన్ని తట్టారు. పడవ మాత్రం తిన్నగా పక్షి మీదికే పోతోంది. పది భుజాలు దాటాలి. ఎవరైనా మరిచిపోతే?

ఇంజన్ ఆగింది.

పడవ చప్పుడు లేకుండా జారుతోంది. ఒక పిల్ల నీళ్ళలోకి జారి, మళ్ళీ పాకుతూ తల్లి వీపెక్కింది. లూన్ తొందరపడకుండా మా ముందునుంచి దాటి, అవతలికి పోయాక పొడుగ్గా ఒక్క కూత కూసింది. ఎవరూ కదల్లేదు.

అప్పుడు నా భుజం మీద రెండు వేళ్ళు పడ్డాయి. పెద్దమ్మ. ఏం కావాలండీ అని తిరిగితే, "నేను గాదు బిడ్డా, ఎనకనుంచి వచ్చింది" అని చూపించారు. పడవ ఆ చివర ఆంటీ, ఒక చెయ్యి చుక్కాని మీద పెట్టి, ఇంకో చేతి రెండు వేళ్ళూ పైకెత్తి నిలబడ్డారు. ఆ తట్టు అందరి భుజాలూ దాటి నా దగ్గరికి వచ్చింది.

"పిల్లలను వీపు మీదేసుకున్నది, ఏం పిట్ట బిడ్డా అది?" అని పెద్దమ్మ అడిగారు. అప్పుడు చెప్పాను. తెలిసిందంతా చెప్పాను. అందరూ విన్నారు.

దిగేటప్పుడు ఆంటీ, "రేపు కూడా ట్రిప్ ఉంది. ఆ పుస్తకం పట్టుకురా, నేనూ చూడాలి" అన్నారు. ఆ వేసవంతా నేను పడవ మీదే ఉన్నాను.

మొన్నటి బస్సులో గ్లవ్ తీసుకుని థాంక్స్ చెప్పి మళ్ళీ కిటికీ వైపు తిరిగాను. రెండు స్టాపులు దాటాక బస్సు సిగ్నల్ దగ్గర ఆగితే, దీపస్తంభం మీద మంచులో ఒళ్ళు ఉబ్బించుకుని కూర్చున్న డేగ కనిపించింది. వెనక్కి తిరిగి ఆవిడ భుజం రెండు వేళ్ళతో తట్టాను. ఆవిడ చూసింది. బస్సు కదిలేదాకా ఇద్దరం చూస్తూనే ఉన్నాం. ఆవిడ అడిగేదాకా నేను దాని పేరు చెప్పలేదు.