మర విప్పని సీసా

బెలూన్ల సారు పోయారు. నెల దాటిందట. పెట్టె దొరికిందని చెప్పడానికి వాళ్ల ఆఫీసుకు ఫోను చేస్తే, ఎవరో అమ్మాయి ఆ సంగతి చెప్పి, మీరెవరండీ అని అడిగింది. ఏమని చెప్పను?

మాది హుకుంపేట పైన కొండల్లో ఊరు. సారు హైదరాబాదులో ఇల్లంత బెలూన్లు ఎగరేసేవారు. మబ్బులకంటే ఎంతో పైనున్న గాలిలో ఏమేం కలిసి ఉన్నాయో చూడడం ఆయన పని. బెలూనుకు కట్టిన పెట్టె అక్కడి గాలిని స్టీలు సీసాలో పట్టుకుని, పారాచూటుతో కిందికి దిగుతుంది. మొదటిసారి మా కొండ మీద పడినప్పుడు మాకివేమీ తెలియవు. వేట మాంసం పంచినట్టే ఇంటింటికీ పంచేశాం. కాఫీ గింజలు ఆరబెట్టుకోడానికి పారాచూటు గుడ్డ ఒకరికి, తాళ్లు ఇంకొకరికి. ముందు చూసింది నేను కాబట్టి సీసా నాకు. మర తిప్పితే బుస్సుమంది. లోపల ఏమీ లేదు. తేనె పోసుకున్నాను.

సారు పెట్టెను వెతుక్కుంటూ వచ్చి, ఆ సీసా చూసి మా అరుగు మీద కూలబడ్డారు. నాకు ఒళ్లు మండింది.

"ఏటి సారూ, ఖాళీ సీసాకి ఇంత బెంగేటి? తేనె కూడా అట్టుకుపోండి."

"ఖాళీ కాదు పెద్దాయనా. మూడేళ్లు దానికోసమే పని చేశాను."

తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ నాలుగు అని మరిచిపోయేవాణ్ణి. ఎవరికీ తల వంచని నేను, ఇంకోటి పడితే మర ముట్టుకోనని మాటిచ్చాను.

తరవాత ఏటా వచ్చేవారు. రాగి చేను గట్టు దగ్గరే బూట్లు విప్పేవారు. మనిషిని పలకరించే ముందు ఆకాశం చూసేవారు. కింద పెట్టిన పొగ పైకెంత చేరిందో తెలియాలి అనేవారు. మా పొయ్యి పొగ కూడానా అంటే, "నీ చుట్ట పొగ కూడా" అని నవ్వి, అంబలి తాగి, కళ్లద్దాలు చొక్కాతో తుడుచుకునేవారు. బెలూను వదిలినప్పుడల్లా ఫోను చేసి, ఈసారీ మీ వైపు రాలేదు పెద్దాయనా అనేవారు.

వచ్చింది. ఎప్పుడు పడిందో గాని, విస్తళ్లు కుట్టే అడ్డాకులకు వెళ్లిన మా కోడలికి మొన్న పొదలో కనబడింది. సీసా చెక్కు చెదరలేదు. తీసుకోవలసిన మనిషే లేడు. నాలుగుసార్లు ఫోను చేశాను. ఇంకో సారు వస్తే చూస్తామన్నారు ఒకరు. పాతదైతే పారేయండి అన్నాడు ఇంకొకడు. వాణ్ణి మా అరుగు మీదికి రమ్మనండి, చెబుతాను.

సీసాను దూలానికి కట్టాను. దాని మెడకు సారు కట్టిన చీటీ ఉంది. నాలాంటివాడు కూడబలుక్కుని చదవగలిగేంత పెద్ద అక్షరాలతో, 'తెరవవద్దు పెద్దాయనా' అని. గాలికి చీటీ అటూ ఇటూ తిరుగుతోంది. మర బిగించినట్టే ఉంది.