డబ్బాలో పెట్టిన తొక్కు

ఒక మనిషి చేతికి చెడ్డపేరు తెచ్చి, ఇన్నేళ్లు నోరు మూసుకుని బతికాను. ఈ బరువు నాతోనే లేస్తుంది, నాతోనే పడుకుంటుంది. నా భర్తకు సగం తెలుసు. మిగతా సగం ఎవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

సూరత్‌లో, వడోద్ అనే పేటలో మాకు చిన్న మెస్సు ఉండేది. ఒక గదిలో మేం ఉండేవాళ్లం, పక్క గదిలో వండి పెట్టేవాళ్లం. తినేవాళ్లంతా మన సిరిసిల్ల వైపు నుంచి వచ్చి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసే మగవాళ్లు. పెళ్లాం పిల్లలు ఊళ్లో, వీళ్లు ఇక్కడ. కూర ఎలా ఉన్నా సర్దుకునేవాళ్లు కానీ మామిడి తొక్కు మాత్రం ఇంట్లో పెట్టినట్టే ఉండాలి. మా మెస్సు నిలబడిందంటే ఆ తొక్కు వల్లే. పేరు నాకొచ్చింది కానీ ఆ తొక్కు రాజవ్వది.

రాజవ్వ మా గల్లీలోనే కొడుకు దగ్గర ఉండేది. ఎండాకాలం ఎవరింట్లో మామిడికాయ కోసినా కారం, ఉప్పు, నూనె కలపడానికి ఆమెనే పిలిచేవాళ్లు. ముక్కలు ఎవరు కొట్టినా, వెల్లుల్లి ఎవరు వలిచినా, కలిపే చెయ్యి మాత్రం ఆమెదే. మంచి చెయ్యి అనేవాళ్లు. ఆ చెయ్యి పడితే తొక్కు ఏడాదంతా చెడదని నమ్మకం. మొగుడు పోయిన మనిషని పెళ్లిళ్లలో వెనక్కి జరిపే గల్లీ, ఈ ఒక్క పనికి మాత్రం ఆమెకు పీట వేసి కూర్చోబెట్టేది. అందుకేనేమో, ఎండలు ముదిరేకొద్దీ ఆమె ముఖం వికసించేది.

ఆ ఏడు నేను ఊరి నుంచి తెచ్చుకున్న జాడీ పగిలింది. కొత్తది కొనొచ్చు. కొనలేదు. నా భర్త బట్టలకు రంగులద్దే మిల్లులో పనిచేసేవాడు. అక్కడ ఖాళీ అయిన రంగుల మందు డబ్బాలను పనివాళ్లు చెప్పకుండా ఇళ్లకు తెచ్చుకునేవాళ్లు. మా గల్లీలో ఏ గుమ్మం ముందు చూసినా అవే, నీళ్లు పట్టుకోవడానికి. మాకూ ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బా వచ్చింది, వెడల్పు మూతిది. తొక్కుకు సరిగ్గా సరిపోతుందనిపించింది. సోడా వేసి వేడినీళ్లతో కడిగాను. చింతపండు పెట్టి రుద్దాను. ఎండలో బోర్లించాను. వాసన పోయింది.

కాదు. ఇక్కడ కూడా అబద్ధమే రాస్తున్నాను చూడండి. వాసన పూర్తిగా పోలేదు. మూత తీస్తే ముక్కుకు సన్నగా తగిలేది. పైగా డబ్బా మీద ఒక కాగితం అంటించి ఉండేది. నాకు ఇంగ్లీషు రాదు. కానీ పుర్రె బొమ్మ చదవడానికి ఇంగ్లీషు కావాలా? చాకుతో ఆ కాగితం గీకింది నేనే. తెలియక చేశానని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. తెలియని మనిషి బొమ్మనెందుకు గీకుతుంది?

రాజవ్వ వచ్చింది. డబ్బా ఎక్కడిదని అడిగితే బజారులో కొన్నానన్నాను. ఆమె మోచేతి దాకా కారం అంటించుకుని పెద్ద బేసిన్‌లో కలిపింది. డబ్బాలోకి ఎత్తింది మాత్రం నేను. ఉప్పు, పులుపు, నూనె, సూరత్ ఎండ. ఆ ప్లాస్టిక్‌లో ఏం ఇంకి ఉందో, ఎంత తొక్కులోకి దిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

కొన్నాళ్లకు ఎవరో మందు వాసన వస్తోందన్నారు. ఇంగువ ఎక్కువైందని నవ్వేశాను. తర్వాత నోళ్లు పొక్కాయి, వాంతులు పట్టుకున్నాయి. చాలామంది తేరుకున్నారు. సత్తయ్య తేరుకోలేదు. ఇంటికి నాలుగు రూపాయలు ఎక్కువ పంపాలని కూర మానేసి, రెండు పూటలా తొక్కుతోనే అన్నం తినే మనిషి అతను. సాంచాల దగ్గరే కూలిపోయాడు. ఆసుపత్రిలో డాక్టరు నన్ను పిలిచి ఏం పెట్టావని హిందీలో అడిగాడు. తొక్కు సంగతి విని, దాన్ని దేనిలో నిలవ ఉంచావని కూడా అడిగాడు. జాడీలో అన్నాను. తడుముకోలేదు కూడా.

ఎందుకన్నాను? మిల్లులో నా భర్త పని పోతుందని, మెస్సు మూతపడుతుందని. ఈ కారణాలు చెప్పుకోవడానికి బాగుంటాయి. అసలు సంగతి, తిండిలో విషం పెట్టిన ఆడది అని నన్ను చూసి అంటారేమోనన్న భయం. నిజం చెప్పి ఉంటే ఆ డాక్టరు వేరే వైద్యం చేసేవాడా? సత్తయ్య మళ్లీ సాంచాల ముందు నిలబడేవాడా? అతన్ని వాళ్లన్న వచ్చి ఊరికి తీసుకెళ్లాడు, భుజం పట్టుకుని నడిపిస్తూ. తర్వాత అతనెలా ఉన్నాడని నేను ఎవరినీ అడగలేదు.

ఇంటికొచ్చి తొక్కంతా మురికి కాలవలో పోశాను. డబ్బాను ముక్కలు చేసి పాత సామాన్ల వాడికి వేశాను. ఇక గల్లీకి మిగిలింది ఏమిటి? కాయలు అందరూ కొన్నవే. కారం అందరూ వాడేదే. కలిపిన చెయ్యి ఒక్కటే మిగిలింది. ఆ చెయ్యి చెడ్డదన్న మాట నేను అనలేదు. అన్నవాళ్ల మధ్య నిలబడ్డాను, అంతే.

ఆ వారంలోనే రాజవ్వ మా ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"నీ కండ్ల ముంగటనే కలిపిన గద బిడ్డా. నా చెయ్యి మంచిది కాదంటున్నరు. నువ్వు జర కాదని చెప్పు, ఇంకెవ్వల మాట నేను పట్టించుకోను."

"ఏమో అవ్వా. నాకేం ఎర్క?"

"నీగ్గూడ గట్లనే అనిపిస్తుందా?"

నేను బియ్యంలో రాళ్లు ఏరుతూ తల ఎత్తలేదు. ఆమె వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆమెను ఎవరూ తొక్కు కలపడానికి పిలవలేదు. రాజవ్వ వాళ్లు సూరత్‌లోనే ఉన్న నవాగామ్‌కు మారారు. మనవడికి అన్నం ముట్టించే రోజున ఆమె కొడుకు మమ్మల్ని పిలిచాడు. వెళ్లాను. పెద్దవాళ్లు ఒక్కొక్కరే పిల్లాడి నోట్లో పాయసం పెడుతున్నారు. రాజవ్వ గోడకు ఆనుకుని, చేతులు కొంగు కింద పెట్టుకుని కూర్చుంది. కోడలు రెండుసార్లు బతిమాలింది. నా చెయ్యి వద్దు, పిల్లగానికేమన్న అయితది అంది రాజవ్వ. అని, నా వైపు చూపించి, ఈమెతో పెట్టించు అంది. నన్ను ఆమె ఇంకా నమ్ముతూనే ఉంది.

పెట్టాను. ఈ చేత్తోనే పెట్టాను. పిల్లాడు చప్పరించి నవ్వాడు. అందరూ నవ్వారు, రాజవ్వ కూడా.

ఆమె పోయింది. చివరిదాకా సొంత ఇంట్లో కూడా ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టలేదని కోడలు చెప్పింది. నాకు క్షమాపణ అడిగే అర్హత లేదు, క్షమించే మనిషీ లేదు. కొడుకు ఉన్నాడు. అతని ముందు నిలబడే ధైర్యం నాకు వస్తుందో లేదో తెలియదు. అందుకని ముందు మీకు చెబుతున్నాను. తొక్కు చెడింది నేను దాన్ని ఎత్తి పెట్టిన డబ్బా వల్ల. రాజవ్వ చేతిలో ఏ దోషమూ లేదు. ఈ రెండు ముక్కలు రాసి, తలుపు వేసుకుని పైకి చదువుకున్నాను. ఆ మాట నా గొంతులోంచి బయటికి రాగా నేను వినడం ఇదే మొదలు.